చక్రవర్తి కంటే ముందు తిన్నదాన్ని

చక్రవర్తి ఎదురుగా కూర్చుని, ఆయన భోజనాన్ని ఆయన కంటే ముందు తినడం నా ఉద్యోగం. పందొమ్మిదో ఏట చేరాను. ఆరేళ్లు చేశాను. ఈ సంగతి చెబితే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. రాజుగారి తిండి ఊరికే దొరికిందా అంటారు. దొరికింది. కానీ ఆ ఆరేళ్లలో ఒక్క ముద్ద కూడా నేను ధైర్యంగా మింగలేదు.

ముందు ఆయన గురించి నాలుగు మాటలు చెప్పాలి. తెల్లవాళ్లు వెళ్లిపోయిన నాడు మా కోస్తా, ఈ కొండలు ఢిల్లీతో కలవలేదు. సముద్రం ఒడ్డున ఉన్న సంస్థానాలన్నీ ఒక్కటై ఒకాయనకు కిరీటం పెట్టాయి. ఈయన ఆయన మనవడు. అసలు ఈయనకు సింహాసనం రావలసింది కాదు. పైన అన్న ఉన్నాడు. చిన్నప్పుడు ఈయనకు ఊపిరి సరిగా ఆడేది కాదని, అరకు గాలి మంచిదని, రెండేళ్లు మా కొండ మీది బంగ్లాలోనే ఉంచి పెంచారు. పెద్దయ్యాక వానల గురించి, మబ్బుల గురించి చదువుకుంటూ ఉండేవాడట. ఆ రోజుల్లోనే అన్న ఒక విందులో నాలుగు ముద్దలు తిని, నీళ్లు అడిగి, కుర్చీలోనే పక్కకు ఒరిగిపోయాడు. ఏం తిన్నాడో, అందులో ఎవరు ఏం కలిపారో తేలనేలేదు. తమ్ముడే పెట్టించాడని సగం దేశం అనుకుంది. రేపు తనకూ ఎవరో పెడతారని తమ్ముడు అనుకున్నాడు. అలా కిరీటం నెత్తిన పెట్టుకున్నాడు.

ఆయన మంచి చేయలేదని నేను అనను. చింతూరు దాకా తారు రోడ్డు వేయించాడు. కొండల మీది బడుల్లో మా భాషలో పాఠాలు పెట్టించాడు. నాకు ఈ నాలుగు ముక్కలు రాయడం వచ్చిందంటే ఆ బడి చలవే. అయితే రోడ్డుతో పాటు ప్రతి సంతలోకీ ఒక ఇనప పెట్టె కూడా వచ్చింది. విన్నపాల పెట్టె అని దాని మీద రాసి ఉండేది. ఎవరైనా, ఎవరి మీదైనా, సంతకం లేకుండా కాగితం రాసి అందులో వేయొచ్చు. జనం దాన్ని చాడీల పెట్టె అనేవారు. హుకుంపేట సంతలో ఆ పెట్టె చుట్టూ ఎప్పుడూ పది అడుగుల మేర ఖాళీగా ఉండేది. దాని పక్కన నిలబడి పసుపు అమ్మినా, చీపుళ్లు అమ్మినా, ఎవరి మీద కాగితం వేసి వచ్చావని ఊరంతా ఆరా తీసేది.

మా నాన్న మీద అలాంటి కాగితం ఒకటి పడింది, అడవిలో చెట్లు కొట్టాడని. రెండు రోజులు అడిగి వదిలేశారు. ఎవరు రాశారో తెలియలేదు. ఆయన పక్కింటివాళ్లతో మొదలుపెట్టి సొంత తమ్ముడి దాకా అందర్నీ అనుమానించి, ఒక్కొక్కరితోనూ మాటలు మానేశాడు.

మా మేనత్త మొగుడి మీద ఇంకో కాగితం పడింది. అందులో ఏముందో మాకు ఎప్పుడూ చెప్పలేదు. మామను తీసుకెళ్లినవాళ్లు ఇరవై రోజుల తర్వాత తెచ్చి దింపారు. వచ్చాక ఆయన ఎవరి మొహమూ చూసి మాట్లాడలేదు. ఆ వానాకాలం దాటకుండానే పోయాడు. కాగితం అబద్ధమని తర్వాత తేలింది. పరిహారం అని చెప్పి అత్తకు బంగ్లా వంటింట్లో పని ఇచ్చారు. మా ఊళ్లో ఇది ఎవరికీ అర్థమయ్యేది కాదు. మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి చేతే వండించుకోవడం ఏమిటి, మళ్లీ ఆ వంటను నమ్మలేక ఇంకో మనిషి చేత ముందు తినిపించడం ఏమిటి. ఎక్కడో రాజధానిలో ఎవరో గుమాస్తా ఆ రెండు ఉద్యోగాల కాగితాల మీదా చూడకుండా సంతకం పెట్టి ఉంటాడని మా నాన్న అనేవాడు.

ఆ రెండో మనిషి కావలసి వచ్చినప్పుడు అత్త నన్ను తీసుకెళ్లింది. "గమ్మున తిని, గమ్మున కూకోవాల. నీకు నోరు తక్కువ. సరిపోతావు," అంది.

చక్రవర్తి ఏటా ఎండాకాలంలో రెండు నెలలు బంగ్లాలో ఉండేవాడు. భోజనం బల్లకు ఒక చివర ఆయన, రెండో చివర నేను. ప్రతి గిన్నెలోంచీ నాకు ఒక ముద్ద పెట్టేవారు. నేను తిన్న తర్వాత బంగ్లా అధికారి గడియారం చూసేవాడు. ఆయన మైదానం నుంచి వచ్చిన మనిషి, సైన్యంలో చేసి రిటైరయినవాడు. సరిగ్గా అరగంట గడవాలి. ఆ అరగంటా నేను ఎత్తు పీట మీద కదలకుండా కూర్చోవాలి. చక్రవర్తి కాగితాలు చదువుకుంటూ మధ్య మధ్యలో తలెత్తి నా మొహం చూసేవాడు. అరగంట తర్వాత నేను బాగానే ఉంటే అధికారి తల ఊపేవాడు. అప్పుడు ఆయన తినేవాడు.

చేరిన కొత్తలో ఒకసారి పచ్చిమిరపకాయ తగిలి నాకు ఎక్కిళ్లు వచ్చాయి. క్షణంలో బల్ల మీదివన్నీ ఎత్తుకెళ్లి గొయ్యి తీసి పూడ్చారు. డాక్టరు వచ్చి నా పొట్ట నొక్కి, కళ్లలోకి దీపం వేసి చూశాడు. అత్తను, కూరలు తెచ్చినవాణ్ణి, నీళ్లు తోడినవాణ్ణి వరసగా నిలబెట్టి అడిగారు. అప్పటినుంచి దగ్గు వచ్చినా, తుమ్ము వచ్చినా బిగపట్టుకోవడం నేర్చుకున్నాను. చివరికి ఇంట్లో కూడా నా మొహంలో ఏమీ కనపడేది కాదు. బావుందో లేదో చెప్పవేమే అని అమ్మ విసుక్కునేది.

శనివారం శనివారం అధికారి మమ్మల్ని ఒక్కొక్కర్ని తన గదిలోకి పిలిచేవాడు. "కొత్తగా ఏమైనా కనిపించిందా?" అని అడిగేవాడు. ఏమీ లేదంటే కాసేపు మాట్లాడకుండా మన వైపే చూసేవాడు. బయటికి వచ్చాక ఎవరు లోపల ఎంతసేపు ఉన్నారో మిగతావాళ్లం లెక్కపెట్టుకునేవాళ్లం. ఎక్కువసేపు ఉన్నవాళ్ల పక్కన ఆ వారం ఎవరూ కూర్చునేవారు కాదు.

మూడో ఏడు వేసవిలో ఒక పొద్దున చోడి అంబలి, అదే రాగి జావ, పెట్టారు. నేను తాగాను. అరగంట మొదలయింది. అధికారికి ఫోను వచ్చి వరండాలోకి వెళ్లాడు. గదిలో చక్రవర్తీ నేనూ మిగిలాం. మూడేళ్లలో ఆయన నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

"వేడిగా ఉన్నప్పుడు ఎలా ఉంది?" అన్నాడు.

నాకు ముందు అర్థం కాలేదు. "ఏటి బాబూ?"

"ఆ అంబలి. నువ్వు తాగినప్పుడు పొగలు వస్తున్నాయి. నా దాకా వచ్చేసరికి చల్లారిపోతుంది. ఎలా ఉంది?"

ఇది ఏదో పరీక్ష అనుకున్నాను. బాగుందంటే రాజు తిండి మీద ఆశపడ్డట్టు. బాగాలేదంటే అందులో ఏదో ఉన్నట్టు. చివరికి ఉన్నదే చెప్పాను. "నాలిక కాల్తాది బాబూ. తర్వాత లోపలికి దిగి ఒళ్లంతా ఎచ్చగా అవుతాది."

అధికారి వచ్చాడు. అరగంట అయ్యాక చక్రవర్తి గడ్డకట్టిన అంబలిని చెంచాతో కోసుకుని తిన్నాడు. అప్పటిదాకా నేను ఆలోచించనే లేదు. సింహాసనం ఎక్కిన రోజు నుంచి ఆ మనిషి వేడి మెతుకు తినలేదు. కాఫీ తోటల మధ్య కూర్చుని చల్లారిన కాఫీ తాగుతున్నాడు.

సాయంత్రం ఈ సంగతి అత్తకు చెప్పాను. ఆమె చేటలో సామలు చెరుగుతోంది. చెయ్యి ఆగలేదు, తల ఎత్తలేదు. "నీకెందుకే ఆ గొడవ," అంది.

పది పదిహేను రోజులు గడిచాక అత్తలో తేడా కనిపించడం మొదలయింది. అంతకుముందు పొద్దున ఐదింటికే నన్ను రమ్మనేది, పొయ్యి రాజేయడానికి. ఒక రోజు, "రేపట్నుంచి ఆరున్నరకి రా. పని తక్కువ," అంది. పని తక్కువేమీ కాదు. నేను ఆరున్నరకు వెళ్లేసరికి పొయ్యి అప్పటికే ఎర్రగా ఉండేది. చిన్న ముంత ఒకటి కడిగి బోర్లించి ఉండేది. బూడిద తట్టలో తడి అడ్డాకు డొప్ప కనిపించింది. ఆ డొప్పలో మేమెవరం తినం. మాకు సత్తు పళ్లేలు ఉన్నాయి. వంటింట్లో కెమెరా ఉంది కానీ అది సరుకుల గది తలుపు వైపే చూసేది. పొయ్యి మూల దానికి కనపడదు. ఆ సంగతి అత్తకూ తెలుసు, నాకూ తెలుసు.

ఎవరికో తిండి పెడుతోంది. ఎవరికి? అడిగితే, "నా కడుపుకి నాను తాగాను. నీకు లెక్క సెప్పాలేటి?" అంది. అత్త ఎప్పుడూ పదకొండు దాటితే గాని గుక్కెడు తాగదు.

నా మనసు ఎటెటో పోయింది. బయటి మనిషి ఎవరో వస్తున్నాడనుకున్నాను. మామ తరఫు వాళ్లనుకున్నాను. ఏదో ఒక దినుసు ముందే వండి దాచి, నేను ముట్టని గిన్నెలో తర్వాత కలుపుతుందేమో అనుకున్నాను. పొద్దున అంబలి నోట్లో పెట్టుకునేటప్పుడు అత్త వైపు చూసేదాన్ని. ఆమె నా వైపు చూసేది కాదు. చిన్నప్పుడు నన్ను వీపున కట్టుకుని కొండెక్కిన మనిషి. ఆమె చేతి ముద్ద మింగడానికి నాకు భయం వేసింది.

మొదటి శనివారం ఏమీ లేదనే చెప్పాను. రెండో శనివారం అధికారి బల్ల మీద ఒక పాత దస్త్రం పెట్టుకుని ఉన్నాడు.

"మీ నాన్న మీద పడ్డ కాగితం ఇంకా ఇక్కడే ఉంది అమ్మాయ్," అన్నాడు. గొంతు మెత్తగానే ఉంది. "మూసేద్దామని చూస్తున్నాను. కొత్తగా ఏమైనా కనిపించిందా?"

చెప్పాను. ముంత సంగతి, డొప్ప సంగతి, ఆరున్నర సంగతి. నాకు కనిపించినవి మాత్రమే చెప్పానని చాలా ఏళ్లు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది పూర్తి నిజం కాదు. "మామ పోయిన దగ్గర్నుంచి ఆవిడ మనసులో ఏటుందో నాకు తెలీదు," అని కూడా అన్నాను. ఆ మాట ఆయన అడగలేదు.

సోమవారం పొద్దున, వెలుగు వచ్చాక, అధికారి ఇద్దరు గార్డులను తీసుకుని వంటింటి వెనక దారిన వచ్చాడు. నన్ను కూడా రమ్మన్నాడు. తలుపు దగ్గరగా వేసి ఉంది. ఆయన కాలితో తోశాడు.

పొయ్యి పక్కన నేల మీద చక్రవర్తి గొంతుక్కూర్చుని ఉన్నాడు. భుజాల మీద శాలువా, పక్కన విప్పిన చెప్పులు. రోజూ పొద్దున కంచె లోపల ఒంటరిగా నడిచే అలవాటు ఆయనకు ఉంది. ఆ నడకలోంచి ఇటు వచ్చేవాడన్నమాట. చేతిలో అడ్డాకు డొప్ప, అందులో పొగలు కక్కే అంబలి. పై పెదవి మీద అంటుకుని ఉంది. అత్త ఎదురుగా గరిటె పట్టుకుని నిలబడి ఉంది.

అధికారి, "ఏలినవారు... రుచి చూడనిది..." అన్నాడు.

చక్రవర్తి లేచాడు. డొప్ప ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అటూ ఇటూ చూసి, పొయ్యి గట్టు మీద పెట్టాడు. పాలు తాగుతూ దొరికిన పిల్లవాడి మొహంలా ఉంది ఆయన మొహం. రుచి చూడనిది ఏదీ ముట్టకూడదన్న శాసనం ఆయనదే. దాన్ని మీరినందుకు రాజధానిలో సొంత బావమరిదిని కొలువు నుంచి పంపేశాడని మేమంతా విన్నాం.

"నడుస్తుంటే వాసన వచ్చింది," అన్నాడు. "లోపలికి వచ్చాను. ఈమె పెట్టింది."

"ఎన్ని రోజుల నుంచి?" అధికారి అత్తను అడిగాడు.

అత్త చక్రవర్తి వైపు చూసింది. ఆయన డొప్ప వైపు చూస్తున్నాడు.

"ఈయాళే బాబూ," అంది అత్త. "నానే పిల్చాను. నాదే తప్పు."

ఆయన కాదనలేదు. చెప్పులు వేసుకుని బయటికి వెళ్లిపోయాడు. నా పక్కనుంచే వెళ్లాడు. నేను ఎందుకు అక్కడ ఉన్నానో ఆయనకు అప్పుడే అర్థమయి ఉంటుంది. అత్తకు అంతకంటే ముందే అర్థమయింది. జీపు ఎక్కేటప్పుడు ఆమె నా వైపు ఒక్కసారే చూసింది. ఆ చూపులో కోపం ఉందేమోనని వెతికాను. నాకు ఏమీ దొరకలేదు. మా ఇద్దరి మొహాలూ అప్పటికి అలాగే తయారయ్యాయి.

ఆ మధ్యాహ్నమే చక్రవర్తి హెలికాప్టర్ ఎక్కి రాజధానికి వెళ్లిపోయాడు. అత్తను కొండ కింద గార్డుల ఇంట్లో పదకొండు రోజులు ఉంచారు. ఏం కలిపావు, ఎవరు కలపమన్నారు అని అడిగారు. ఆమె ఇంటికి నడిచి వచ్చేనాటికి పాదాలు వాచి ఉన్నాయని అమ్మ చెప్పింది. నేను చూడటానికి వెళ్లలేదు. వెళ్తే ఎందుకు వెళ్లావని శనివారం అడుగుతారని భయపడ్డాను. ఆ భయం నిజమే, కానీ ఆమె ముందు నిలబడటానికి ఇంకా ఎక్కువ భయపడ్డాను.

ఉద్యోగం మానలేదు. మానితే ఎందుకు మానావంటారు. అత్త స్థానంలో మైదానం నుంచి ఒక వంటవాడు వచ్చాడు. ఆయనకు నా సంగతి ఎవరో చెప్పి ఉంటారు. నేను వంటింట్లో అడుగుపెడితే చేస్తున్న పని ఆపేసి, నేను వెళ్లేదాకా చేతులు కట్టుకుని నిలబడేవాడు.

మరుసటి వేసవిలో చక్రవర్తి వచ్చాడు. ఒక్క ఏడులో బాగా తగ్గిపోయాడు. మెడ సన్నబడింది. మళ్లీ అదే బల్ల, అదే పీట, అదే అరగంట. ఒక రోజు అధికారి వరండాలోకి వెళ్లినప్పుడు కాగితాల్లోంచి తల ఎత్తకుండానే అడిగాడు.

"మీ అత్త ఎలా ఉంది?"

"బాగుంది బాబూ." ఆమెను చూసి అప్పటికి ఏడాది అయింది.

"నా గురించి ఏమైనా అంటుందా?"

దిగులుతో అడుగుతున్నాడా, ఆరా తీస్తున్నాడా? ఇప్పటికీ నాకు తెలియదు. "ఏటీ అనదు బాబూ," అన్నాను.

"నువ్వే చెప్పావని నాకు తెలుసు," అన్నాడు.

నా చెయ్యి పళ్లెం మీద ఆగిపోయింది. పళ్లెంలో ఇంకా ఒక గిన్నె మిగిలి ఉంది. వెదురు కొమ్ముల కూర. ఆయన నా చేతి వైపు చూసి, "బేగి తిను. చల్లారిపోతుంది," అన్నాడు. చిన్నప్పుడు ఈ కొండ మీద విన్న ‘బేగి’ అన్న మాట ఎక్కడో మిగిలి ఉన్నట్టుంది. కోప్పడుతున్నట్టు లేదు, క్షమించినట్టూ లేదు. నేను తిన్నాను. అధికారి వచ్చాడు. చక్రవర్తి మళ్లీ నాతో మాట్లాడలేదు.

మరో రెండేళ్లకు, వానలు వెనకబట్టే రోజుల్లో, ఆయన పోయాడని రేడియో చెప్పింది. రాజధానిలో, తన గదిలో, గుండె ఆగి. ఎవరూ నమ్మలేదు. కూతురే చేసిందన్నారు. అన్న కొడుకు పగ తీర్చుకున్నాడన్నారు. డొంకరాయి వైపు నుంచి వచ్చిన బస్సులో ఒకాయన, అసలు చక్రవర్తి నాలుగేళ్ల కిందటే పోయాడనీ, ఇన్నాళ్లూ చూపించింది ఆయనలాంటి ఇంకో మనిషిననీ గట్టిగా చెప్పాడట. అంతకు నాలుగు నెలల ముందు నా ఎదురుగా కూర్చుని తిన్న మనిషి గురించి ఆ మాట వింటే నాకు కూడా ఒక్క క్షణం అనుమానం వచ్చింది. ఆయన నిజంగా ఆయనేనా అని. మా బతుకులు అలా ఉండేవి.

బంగ్లాలో పనిచేసిన అందర్నీ మూడు రోజులు కూర్చోబెట్టి అడిగారు. నా ముందు ఒక చిన్న రికార్డర్ పెట్టి, ఆయన చివరి వేసవిలో ఏం తిన్నాడో ఒక్కో పూటా చెప్పమన్నారు. చెప్పాను. మళ్లీ మొదటి నుంచి చెప్పమన్నారు. నాలుగోసారి చెబుతున్నప్పుడు నేను తప్పు చేశానేమో అని నాకే అనిపించడం మొదలయింది. చివరికి వదిలేశారు. ఏమీ తేలలేదు. కూతురు గద్దె ఎక్కింది. ఆమె చేసిన మొదటి పని సంతల్లోంచి పెట్టెలు తీయించడం. పాతిక మంది కలిసి హుకుంపేట పెట్టెను పునాదితో సహా పెకలించడం నేను చూశాను. బంగ్లా ఇప్పుడు నర్సు చదువుకునే ఆడపిల్లల హాస్టల్. ఆయన మంచివాడా, చెడ్డవాడా అని ఆ పిల్లలు నన్ను అడుగుతూ ఉంటారు. ఒక్కోసారి ఒక్కోలా చెబుతాను.

నన్ను వదిలిన రోజు నేను ఇంటికి వెళ్లలేదు. నేరుగా అత్త ఊరికి నడిచాను. మూడేళ్ల తర్వాత. ఆమె ఇంటి వెనక పల్లంలో చోడి వెన్నులు కోస్తోంది. నేను గట్టు మీద నిలబడ్డాను. ఆమె చూసి కూడా కోత ఆపలేదు.

"రాజు పోయాడత్తా," అన్నాను.

"ఇన్నాను."

"ఏదో పెట్టారంటన్నారు."

"పెట్టినా పెట్టుంటారు," అంది. నాలుగు వెన్నులు కోసి బుట్టలో వేసింది. తర్వాత నడుం మీద చెయ్యి వేసుకుని నిటారుగా నిలబడింది. "నువ్వు నన్ను అనుమానించినావు. అందులో తప్పు లేదే. మొదటి రోజు నానూ అదే అనుకున్నాను."

"ఏమనుకున్నావత్తా?" అన్నాను.

"ఐదు కాకముందే వొచ్చి గుమ్మంలో నిలబడి, కొంచెం వేడిగా పెడతావా అన్నాడు. రుచి సూసే గుంట ఇంకా రాలేదు బాబూ అన్నాను. ఆ పిల్ల రాకముందే పెట్టు అన్నాడు. మీ మామ గుర్తొచ్చాడు. అటక మీద ఎలకల మందు ఉంది. సెయ్యి సాపితే అందుతాది."

"మరి?"

"మరేటి. పీట ఎయ్యకముందే నేల మీద కూకున్నాడు. ఊదుకోకుండా తాగేసి, నోరు కాల్చుకుని, కళ్ల నీళ్లెట్టుకున్నాడు. ఊదుకోవాలని తెలీదేటి బాబూ అన్నాను. మర్చిపోయాను అన్నాడు." అత్త కొడవలి అంచు మీది మట్టిని బొటనవేలితో తుడిచింది. "ఆ తర్వాత రోజూ పెట్టాను. రోజూ అటక వేపు సూశాను. ఇయ్యాళ కాదు, రేపు అనుకున్నాను. అంతలో నువ్వు అందర్నీ ఎంటేసుకొచ్చావు."

"ఆయన రోజూ వస్తాడని ఎందుకు చెప్పలేదత్తా? నువ్వే పిలిచానని అబద్ధం ఎందుకు చెప్పావు?"

"సెప్తే ఎవడు నమ్మాల? ఆడు కాదంటే నా పీక పోద్ది. ఔనంటాడని నాకు నమ్మకం లేదు. పిరికోడు పాపం."

నేను చేసింది చెప్పాలని, నాన్న దస్త్రం గురించి, అధికారి గొంతు గురించి, నేను అదనంగా అన్న ఆ ఒక్క మాట గురించి చెప్పాలని నోరు తెరిచాను. ఆమె చెయ్యి అడ్డంగా ఊపింది.

"వొద్దు. నువ్వు ఎందుకు సెప్పావో నాకు సెప్పకు. సగం నిజం సెప్తావు, సగం కలుపుతావు. ఏది ఏదో నాకెలా తెల్సుద్ది?"

నేను గట్టు మీదే కూర్చుండిపోయాను. ఏడుపు రాలేదు. రావాలని కూర్చున్నాను, రాలేదు. పడమటి కొండ మీద మబ్బు కమ్ముతోంది. తడిస్తే వెన్నులు మొలకెత్తిపోతాయి. ఇంకా సగం చేను నిలబడే ఉంది. అత్త మబ్బు వైపు చూసి, చేను వైపు చూసి, చివరికి నా వైపు చూసింది.

"ఇంట్లో దూలానికి ఇంకో కొడవలి ఉంది. తెచ్చుకో," అంది.

తెచ్చుకున్నాను. ఆమె తూర్పు గట్టు నుంచి, నేను పడమటి గట్టు నుంచి కోసుకుంటూ వచ్చాం. వాన పడే వేళకు మూడు వంతులు అయింది. బుట్టలు ఇద్దరం చెరోపక్క పట్టుకుని ఇంట్లోకి చేర్చాం.